యేట్స్ ‘ది సెకండ్ కమింగ్’ని 1919 జనవరిలో నిలబడి చదవడం ఎలా? తరచుగా అడిగే ప్రశ్నలు

ఐరిష్ కవి డబ్ల్యు.బి.యేట్స్ రాసిన ఈ 22 పాదాల కవిత ఇంగ్లీషు ఎం.ఏ. సిలబస్‌లలో కనిపిస్తుంది, ఎక్కడ ఏ ప్రభుత్వం కూలినా సంపాదకీయాల్లోనూ కనిపిస్తుంది. కథ క్లుప్తంగా ఇది: పెద్ద పెద్ద వలయాలు తిరిగే డేగకు డేగవాడి పిలుపు వినబడదు, లోకం మీదికి అరాచకమూ నెత్తుటి సముద్రపు పోటూ వస్తాయి; రెండో భాగంలో ఎడారిలోంచి సింహం ఒళ్లూ మనిషి తలా ఉన్న మృగం లేచి, పుట్టడానికి బేత్లెహేముకు బయల్దేరుతుంది. ఎక్కువమంది ఎత్తిచూపే మాటలు రెండే: కేంద్రం నిలవలేకపోతోందనేది ఒకటి, మంచివాళ్లకు నమ్మకం లేదు, చెడ్డవాళ్లకు ఆవేశం ఎక్కువ అనేది ఇంకొకటి. మిగతా కవితను చరిత్రలో పెట్టి ఎలా చదవాలో అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులున్నాయి.

కవిత ఎప్పుడు రాశాడు? ఎప్పుడు అచ్చయింది?

రాసింది 1919 జనవరి. అచ్చయింది 1920 నవంబరు, న్యూయార్క్ పత్రిక ‘ది డయల్’లో. అదే నెల లండన్‌లో ‘ది నేషన్’ కూడా వేసింది. ఆ తర్వాత యేట్స్ చెల్లెలు ఎలిజబెత్ నడిపిన కువాలా ప్రెస్ వేసిన ‘మైకేల్ రొబార్టెస్ అండ్ ది డాన్సర్’ సంపుటిలో చేరింది. దాని మీద 1920 అని ఉన్నా, బయటికొచ్చింది 1921 మొదట్లో.

రాయడానికీ అచ్చుకీ మధ్య దాదాపు రెండేళ్లు. చారిత్రక వ్యాఖ్యానంలో జరిగే పొరపాట్లలో సగం ఈ సందులోంచే దూరతాయి.

1919 జనవరి నాటికి యేట్స్‌కి తెలిసినవి ఏమిటి?

ఒక కాగితం తీసుకుని నిలువుగా గీత గీయండి. ఎడమవైపు కవిత రాసేనాటికి జరిగిపోయినవి, కుడివైపు ఆ తర్వాతవి. వ్యాసం మొదలుపెట్టేముందు చేయాల్సిన మొదటి పని ఇదే.

ఎడమవైపు వచ్చేవి: 1916 ఏప్రిల్ 24న డబ్లిన్‌లో ఈస్టర్ తిరుగుబాటు, మే నెలలో 15 మందిని కాల్చి చంపడం, ఆగస్టులో ఉద్యమ నాయకుడు రోజర్ కేస్‌మెంట్ ఉరి. 1917లో రష్యా విప్లవం. 1918 జనవరిలో ఇటలీ యుద్ధరంగంలో యేట్స్ ఆప్తమిత్రురాలు లేడీ గ్రెగరీ కొడుకు రాబర్ట్ మరణం. మార్చిలో బ్రెస్ట్-లిటోవ్‌స్క్ ఒప్పందంతో రష్యా జర్మనీకి తలవంచడం. ఏప్రిల్‌లో ఐర్లండులో నిర్బంధ సైనిక భర్తీ మీద గొడవ. జులైలో జార్ కుటుంబం హత్య. నవంబరు 11న యుద్ధ విరమణ. డిసెంబరు 14 ఎన్నికల్లో ఐర్లండుకున్న 105 స్థానాల్లో 73 స్వాతంత్ర్యం కోరే షిన్ ఫేన్ పార్టీవే కావడం. వీటన్నిటి మీదుగా నడిచిన ఇన్‌ఫ్లుయెంజా.

గీత మీదనే పడేవి కొన్ని ఉన్నాయి. జనవరి 15న బెర్లిన్‌లో కమ్యూనిస్టు నాయకులు రోజా లక్సెంబర్గ్, కార్ల్ లీబ్‌క్నెక్ట్‌ల హత్య. జనవరి 21న డబ్లిన్‌లో తొలి ఐరిష్ పార్లమెంటు ‘డాయిల్’ సమావేశం. అదే రోజు టిప్పరెరీ కౌంటీ సోలోహెడ్‌బెగ్‌లో ఇద్దరు పోలీసులను కాల్చి చంపడం. కవితకు మనకున్న ఆధారం ‘జనవరి’ అనే నెల ఒక్కటే కాబట్టి 21వ తేదీ ఘటనను ‘కారణం’గా చూపించడానికి వీల్లేదు. ‘ఆ నెల గాలి ఇలా ఉంది’ అనవచ్చు, అంతవరకే.

బ్లాక్ అండ్ టాన్స్ అకృత్యాల మీద రాసిన కవిత అని మా గైడులో ఉంది. నిజమేనా?

కాదు. బ్రిటన్ ఐర్లండుకి దింపిన ఆ పోలీసు బలగం 1920 మార్చి నుంచే వచ్చింది. కవిత అప్పటికే ఏడాది పాతది. ఐరిష్ స్వాతంత్ర్య యుద్ధం కూడా అంతే: మొదటి తూటాలు 1919 జనవరిలో పేలినా, దాన్ని ‘యుద్ధం’ అనదగ్గ స్థితి తర్వాతే వచ్చింది.

ఈ పొరపాటు ఊరికే రాలేదు. 1920 నవంబరులో పత్రికలో చదివినవాళ్లకు ఆ వారం వార్తలే కవితలో కనిపించి ఉంటాయి. అది పాఠకుల అనుభవ చరిత్ర, దాని విలువ దానికుంది. మీ వ్యాసంలో ‘రాసిన సందర్భం’, ‘చదివిన సందర్భం’ అని రెండు వేరు వేరు పేరాలు పెట్టుకుంటే ఈ చిక్కు రాదు. యేట్స్ టాన్స్ గురించి నేరుగా రాసిన కవిత కావాలంటే ‘నైన్టీన్ హండ్రెడ్ అండ్ నైన్టీన్’ ఉంది. దాని పేరు 1919 అయినా అందులోని హత్య 1920 చివరిది! ఈ కవి తేదీలతో జాగ్రత్త.

చిత్తుప్రతుల్లో ఏముంది? అంత ముఖ్యమా?

చారిత్రక వ్యాఖ్యానానికి ఇంతకంటే గట్టి ఆధారం లేదు. చిత్తుప్రతులను పరిశోధకుడు జాన్ స్టాల్‌వర్తీ 1963లో విడదీసి చూపించాడు. యేట్స్ చేతిరాత ఘోరం, కొన్ని మాటల మీద ఇప్పటికీ తగువులున్నాయి. అయినా కొన్ని సంగతులు స్పష్టం.

మొదట్లో కవితలో పేర్లున్నాయి. ఫ్రెంచి విప్లవాన్ని తిట్టిపోసిన డబ్లిన్ మనిషి ఎడ్మండ్ బర్క్, ఇంగ్లండ్ ప్రధాని పిట్: గొంతెత్తడానికి ఈనాడు అలాంటివాళ్లు లేరన్నది అక్కడి ఫిర్యాదు. ఫ్రెంచి విప్లవంలో తల నరికిన రాణి మేరీ ఆంటోనెట్ పేరుంది, ఈసారి ఆమె ఇంకా దారుణంగా చచ్చిందన్న అర్థంతో. 1918 జులైలో చంపబడిన రష్యా మహారాణి అలెగ్జాండ్రాను ఉద్దేశించిందే ఈ మాట అని చాలామంది పరిశోధకుల అభిప్రాయం. జర్మన్లు రష్యాలోకి వచ్చారన్న పాదం కూడా ఉంది.

అంటే బీజం పడేనాటికి కవి కళ్ల ముందున్నది ఐర్లండు కన్నా రష్యా. 1790ల ఫ్రాన్స్‌ని అద్దంగా పట్టుకుని 1917–18 రష్యాను చూస్తున్నాడు. 1919లోనే మిత్రుడు జార్జ్ రసెల్‌కు రాసిన ఉత్తరంలో మార్క్సిజం హత్యలకే దారితీస్తుందని వాదించాడు. ఈ భయం ఒక వర్గం మనిషిది: పెద్ద ఇళ్లు, పాత మర్యాదలు, ఆంగ్లో-ఐరిష్ ప్రొటెస్టెంట్ కులీనత మీద మమకారం ఉన్నవాడిది. కవిత గొప్పది కదా అని దీన్ని కప్పిపుచ్చనక్కర్లేదు. ఇది బయటపడిందని కవితను కొట్టిపారేయనూ అక్కర్లేదు.

తర్వాత యేట్స్ ఒక్కొక్క పేరూ కొట్టేశాడు. బర్క్ పోయాడు, పిట్ పోయాడు, జర్మన్లు పోయారు. మిగిలింది డేగ, పోటు, ఎడారి, ఊయల. పేర్లు తీసేయడం వల్లే ఈ కవిత వందేళ్లుగా ప్రతి సంక్షోభానికీ అతుకుతోంది. కాబట్టి చారిత్రక వ్యాఖ్యానమంటే ‘ఈ మృగం లెనిన్’ అని చెరిపిన పేరును తిరిగి అంటించడం కాదు. పేరు చెరపడం వల్ల పాదంలో ఏం మారిందో చెప్పడం. మా దృష్టిలో ఈ పేజీ మొత్తానికి కీలకం ఇదే.

మొదటి పాదంలోని ‘గైర్’ అంటే సుడిగుండమా?

సుడి అనుకోవచ్చు గానీ గుండం కాదు. యేట్స్ ఊహలో గైర్ అంటే శంకువు ఆకారంలో తిరుగుతూ పోయే దారి. జైర్ అని కాకుండా గైర్ అనే పలికేవాడని చెబుతారు.

గీసి చూస్తే అర్థమయినంత బాగా చదివితే కాదు. కాగితం మీద పడుకోబెట్టిన గరాటా గీయండి: మొన ఎడమవైపు, నోరు కుడివైపు. దాని మీదే రెండో గరాటా తిరగేసి గీయండి: దీని మొన మొదటిదాని నోటి మధ్యలో ఉండాలి, దీని నోరు మొదటిదాని మొన దగ్గర ఉండాలి. మొదటిదాని మొన దగ్గర క్రీస్తు పుట్టుక అనీ, నోటి దగ్గర సుమారు క్రీ.శ. 2000 అనీ రాయండి. మొన నుంచి బయల్దేరి మొదటి గరాటా లోపలి గోడ వెంబడి మెలికలు తిప్పుతూ పెన్సిల్‌ని నోటిదాకా తీసుకెళ్లండి. చుట్టు చుట్టుకీ వలయం పెద్దదవుతుంది, నడిమి నుంచి దూరం పెరుగుతుంది. నోటి దగ్గరికి వచ్చేసరికి మీ పెన్సిల్ అంచున ఉంటుంది, సరిగ్గా ఆ నోటి నడిమిలో రెండో గరాటా మొన పొడుచుకు వస్తూ ఉంటుంది. కవిత జరిగేది ఆ చోట.

యేట్స్ సంపుటి వెనక రాసిన వివరణలో ఇదే చెప్పాడు: క్రీస్తు పుట్టుకకు ముందు గైర్ కుంచించుకుంటూ వచ్చింది, ఇప్పటిది విచ్చుకుంటూ పోయి ఇక విచ్చుకోవడానికి చోటు లేనంత దూరం వచ్చింది. సుమారు రెండు వేల ఏళ్ల నాగరికత ఒకటి ముగిసి, దానికి అన్నివిధాలా వ్యతిరేకమైనది పుడుతుందన్నమాట.

ఈ లెక్కంతా ఎక్కడిదంటే, 1917 అక్టోబరు 20న జార్జీ హైడ్-లీస్‌ని పెళ్లి చేసుకున్నాక కొద్ది రోజులకే ఆమె ‘స్వయంచాలక లేఖనం’ మొదలుపెట్టింది. ఆయన ప్రశ్నలడిగేవాడు, ఆమె చేయి రాసుకుంటూ పోయేది. మూడున్నర వేల పేజీలు దాటిన ఆ రాతల్లోంచి తయారైనదే 1925 నాటి ‘ఎ విజన్’ గ్రంథం, 1937లో దిద్దిన రూపం. పరీక్ష కోసం దాన్ని మొత్తం చదవనక్కర్లేదు. చంద్రుడి 28 దశల పట్టికలో పడితే కవిత దగ్గరికి తిరిగి రావడం కష్టం. పై బొమ్మ చాలు.

డేగ, డేగవాడు ఎవరు? మనిషి, క్రీస్తు అనుకోవచ్చా?

అనుకున్నవాళ్లున్నారు. కానీ ముందు వేట సంగతి తెలుసుకుంటే మంచిది. పెంచిన డేగను వదిలితే అది వలయాలు తిరుగుతూ పైకి పోతుంది. వేటగాడు ఈలతో, ఎరతో వెనక్కి పిలుస్తాడు. వలయం మరీ పెద్దదైతే పిలుపు వినబడదు, పక్షి ఇక రాదు. అది తిరగబడలేదు, కోపంతోనూ పోలేదు. దూరం వల్ల వినబడలేదు, అంతే. ‘అవిధేయత’ అని రాసే వ్యాసాలు ఈ ముక్కను జారవిడుస్తాయి. మూడో పాదంలోని ‘కేంద్రం’ కూడా అలంకారంగా ఎక్కడినుంచో ఊడిపడింది కాదు, డేగ తిరిగే వలయానికి నడుమ నిలబడ్డ ఆ మనిషే.

తెలుగులో దీనికి మంచి మాట ఉంది: సాళువం. వేటకు వాడే డేగజాతి పక్షి. విజయనగరాన్ని ఏలిన సాళువ వంశం పేరులో ఉన్నది అదే.

ఇన్‌ఫ్లుయెంజాకీ ఈ కవితకీ సంబంధం ఉందంటున్నారు. అతిశయోక్తి కాదా?

కాదు, అయితే హద్దు ఉంది. 1918 చివర్లో యేట్స్ దంపతులు డబ్లిన్‌లో సెయింట్ స్టీఫెన్స్ గ్రీన్, 73వ నంబరు ఇంట్లో అద్దెకున్నారు. ఆ ఇల్లు యేట్స్ ఏళ్లతరబడి ప్రేమించిన ఐరిష్ ఉద్యమకారిణి మాడ్ గాన్‌ది, ఆమె అప్పుడు ఇంగ్లండ్‌లో నిర్బంధంలో ఉంది. నవంబరులో గర్భిణి అయిన జార్జీ ఫ్లూతో, న్యుమోనియాతో చావు అంచుదాకా వెళ్లింది. అదే సమయంలో మాడ్ గాన్ మారువేషంలో డబ్లిన్ చేరి తలుపు తట్టింది. పోలీసులొస్తే భార్య తట్టుకోలేదని యేట్స్ మాడ్ గాన్‌ను ఆమె సొంత ఇంట్లోకే రానివ్వలేదు. పెద్ద గొడవైంది. జార్జీ బతికింది. కూతురు ఆన్ 1919 ఫిబ్రవరి 26న పుట్టింది. అంటే కవిత రాసేనాటికి ఇంట్లో ఊయల కోసం ఎదురుచూపు ఉంది.

ఆ ఫ్లూ గర్భిణులకు మరీ ప్రాణాంతకం. ముక్కునుంచీ నోటినుంచీ రక్తం, ఊపిరితిత్తుల్లో నీరు నిండి పొడినేల మీదే మునిగిపోయినట్లు చావు. ఐర్లండులో 20 వేలమందికి పైగా పోయారు. ఇది తెలిశాక నెత్తుటితో మసకబారిన పోటు, అమాయకత మునిగిపోవడం అన్న పాదాలు ఇదివరకటిలా వినబడవు. విమర్శకురాలు ఎలిజబెత్ ఔట్కా 2019లో తెచ్చిన పుస్తకం తర్వాత ఈ కోణం బలపడింది. ఫ్లూ కూడా శత్రువు పేరూ ముఖమూ లేకుండా వచ్చినది, ‘ప్రపంచం మీదికి వదలబడింది’ అనే కర్మణి వాక్యానికి అది సరిగ్గా సరిపోతుంది.

హద్దు ఏమిటంటే, చిత్తుప్రతుల్లో రాజకీయం పేరుపెట్టి ఉంది, జబ్బు పేరుపెట్టి లేదు. కాబట్టి ఫ్లూ ‘కూడా’ అనండి, ఫ్లూ ‘యే’ అనకండి.

పేరు క్రీస్తు రెండవ రాకడ, వచ్చేది మృగం. ఇది క్రైస్తవ కవితా, క్రైస్తవానికి వ్యతిరేకమా?

రెండూ సరిపోవు. బైబిల్లో రెండు చోట్లు తెరిచి పెట్టుకోండి: మత్తయి సువార్త 24వ అధ్యాయం, ప్రకటన గ్రంథం 13వ అధ్యాయం. మొదటిదాంట్లో యుద్ధాలు, కరవులు, ఆ తర్వాత మనుష్యకుమారుని రాకడ. రెండోదాంట్లో సముద్రంలోనుంచి లేచే క్రూరమృగం. యేట్స్ మత్తయిలోని రాకడ పేరు పెట్టి ప్రకటనలోని జంతువును పంపించాడు. దాన్ని సముద్రంలోంచి కాకుండా ఎడారిలోంచి, సింహం ఒళ్లూ మనిషి తలా ఉన్న స్ఫింక్స్ రూపంలో లేపాడు.

చిత్తులో మొదట ‘రెండవ జననం’ అనే ఉంది, తర్వాత ‘రాకడ’ అయింది. చివరిపాదంలో మృగం పుట్టడానికే బేత్లెహేముకు పోతుంది కాబట్టి పాత మాట పూర్తిగా పోలేదు, అడుగున ఉండిపోయింది. ఈ మృగం క్రీస్తు విరోధి అయితే క్రీస్తు తిరిగొచ్చి దాన్ని ఓడించాలి. యేట్స్ లెక్కలో అలాంటి తీర్పు రోజు లేదు. క్రీస్తు పుట్టుక అంతకుముందున్న గ్రీకు, రోమన్ లోకానికి ఎలా పీడకలో, ఇది క్రైస్తవ లోకానికి అలా పీడకల. ఇరవై శతాబ్దాల రాతినిద్రను ఊగే ఊయల ఒకటి కలతపెట్టిందన్న పాదంలో ఊయల ఎవరిదో ఆలోచిస్తే ఈ సంగతి తెలుస్తుంది.

ఆ స్ఫింక్స్ బొమ్మ ఎక్కడినుంచి వచ్చింది?

యేట్స్ యువకుడిగా ఉన్నప్పుడు గోల్డెన్ డాన్ అనే మంత్రవిద్యా సంఘంలో ఉన్నాడు. దాని పెద్దల్లో ఒకడైన మాథర్స్ ఒకసారి చిహ్నం గీసిన అట్టముక్క ఇచ్చి కళ్లు మూసుకోమన్నాడు. ఎడారి, పాత శిథిలాల గుట్ట, దాని నడిమినుంచి రెండు చేతుల మీద లేస్తున్న నల్లని మహాకాయుడు కనిపించాయని ఆత్మకథలో యేట్స్ రాసుకున్నాడు. ఏ ఒక్క మనిషి సొత్తూ కాని బొమ్మల కొట్టు ఒకటి ఉందనీ, అలాంటివి అందులోంచి వస్తాయనీ ఆయన నమ్మకం. కవితలోని ‘స్పిరిటస్ ముండి’ అంటే అదే. మీరు నమ్మనక్కర్లేదు, ఆయన నమ్మాడని గుర్తుంటే చాలు.

కల్కి అవతారంతో, బ్రహ్మంగారి కాలజ్ఞానంతో పోల్చవచ్చా?

పోల్చవచ్చు, తేడా చెప్పడానికైతే. కల్కి ధర్మం నిలబెట్టడానికి వస్తాడు. కాలజ్ఞానంలో ఉత్పాతాల తర్వాత వీరభోగ వసంతరాయలు వస్తాడు. రెండింటిలోనూ చెడు ముదిరాక రక్షకుడు. యేట్స్ మృగం ఎవరినీ రక్షించదు, శిక్షించదు కూడా. దాని చూపు సూర్యుడిలా శూన్యం, నిర్దయ. మే నెల మధ్యాహ్నం ఎండకు మన మీద పగ ఉండదు కదా.

ఇంకో తేడా మాటలోనే ఉంది. ‘ప్రళయం’ అంటే లయమైపోవడం. ‘అపోకలిప్స్’ గ్రీకులో ముసుగు తీయడం. అందుకే తెలుగు బైబిల్లో ఆ గ్రంథం పేరు ‘ప్రకటన’. ఈ కవితను ప్రళయ కవిత అని తెలుగు చేస్తే సగమే వస్తుంది. ఇందులో లోకం ముగియదు, దాగి ఉన్నదేదో బయటపడుతుంది.

‘మంచివాళ్లు’, ‘చెడ్డవాళ్లు’ అంటే ఎవరు?

యేట్స్ చెప్పలేదు, చెప్పకపోవడం ఆయన ఎంపిక. చిత్తుప్రతుల ఆధారంగా చూస్తే ‘మంచివాళ్లు’ అంటే ఆయన దృష్టిలో గొంతు పోయిన పాత కులీనులు, బర్క్ వారసులు. ఇంతకు ముందు షెల్లీ కూడా ‘ప్రొమీథియస్ అన్‌బౌండ్’లో దాదాపు ఇదే విలోమాన్ని వాడాడు: మంచివాళ్లకు బలం లేదు, బలవంతులకు మంచితనం లేదు. యేట్స్ కుర్రతనంలో షెల్లీని ఆరాధించాడు కాబట్టి ఇది యాదృచ్ఛికం అనుకోలేం.

ఈ పాదాన్ని వాడుకునే ప్రతివాళ్లూ తాము ‘మంచివాళ్ల’ జాబితాలో ఉన్నామనుకుంటారు. సంపాదకీయాలకు ఇది బాగా పనికొచ్చేది అందుకే.

‘మియర్ అనార్కీ’ని ‘కేవలం అరాచకం’ అనడం తప్పా?

ఇక్కడ తెలుగు మనకు చక్కగా అక్కరకొస్తుంది. ఇంగ్లీషు ‘మియర్’కి ఇప్పుడు ‘అంతమాత్రమే’ అని అర్థం, పాత అర్థం ‘కల్తీలేని, నిఖార్సయిన’. యేట్స్ రెండూ వినిపిస్తాడు, పాతదే ఎక్కువ. మన ‘కేవల’ కథా అంతే: ఇప్పుడు ‘మాత్రమే’, సంస్కృతంలో ‘శుద్ధం’. కేవలాద్వైతం, కైవల్యం అన్న మాటల్లో పాత అర్థం ఇంకా బతికుంది. ‘అరాచకం’ కూడా రాజు లేకపోవడమే, గ్రీకు మూలంలో ఏలిక లేకపోవడం లాగా. కాబట్టి ‘కేవల అరాచకం’ అని అనుస్వారం తీసి సమాసంలా రాస్తే రెండు అర్థాలూ పలుకుతాయి. ‘కేవలం’ అన్నారంటే ‘అంతేనా’ అనిపిస్తుంది.

చివరి పాదంలోని క్రియ మాత్రం ఏడిపిస్తుంది. ‘స్లౌచ్’ అంటే ఒళ్లు వేలాడేసి, భుజాలు జారవిడిచి నడవడం. ‘పాకుతూ’ తప్పు, దానికి కాళ్లున్నాయి, తొడలు మెల్లగా కదులుతున్నాయని ముందే చెప్పాడు. ‘నడుస్తూ’ చప్పన. ‘ఒళ్లీడ్చుకుంటూ’ దగ్గరగా వస్తుంది. ‘రఫ్ బీస్ట్’ని ‘క్రూరమృగం’ అంటే ప్రకటన గ్రంథం వెంటనే మోగుతుంది, ఆ లాభం ఉంది. కానీ ‘రఫ్’ క్రూరత్వం కాదు, మోటుతనం, ఇంకా చెక్కడం పూర్తికాని తనం. మేమైతే ‘మోటు మృగం’ వైపే మొగ్గుతాం.

ఛందస్సు గురించి రాయాలా?

రెండు వాక్యాలు చాలు, కానీ సరైనవి రాయండి. మొదటి భాగం 8 పాదాలు, రెండోది 14. పదక్షరాల అయాంబిక్ నడక, అంత్యప్రాసలు లేవు. మొదటి పాదమే ఆ నడకను తప్పించి మొదలవుతుంది. 14 పాదాల రెండో భాగం సానెట్ పొడవున్నా సానెట్ ప్రాసలు లేనిది, రూపం కూడా పట్టు తప్పిందనడానికి ఇది చూపించవచ్చు.

వీటికంటే విలువైనది చివరి వాక్యం. ‘ఇప్పుడు నాకు తెలుసు’ అని మొదలై, ప్రశ్నార్థకంతో ముగుస్తుంది. తెలిసిందని చెప్పిన మనిషి అదే వాక్యంలో అడగడం మొదలెట్టాడు. అంతకుముందు ‘తప్పకుండా’ అని రెండుసార్లు అనడం కూడా ధీమా కాదు. అప్పు తీరుస్తానని రెండుసార్లు ఒట్టేసేవాణ్ని మనం ఎంత నమ్ముతాం? ఈ కవిత జోస్యం అనేవాళ్లు ఆ ప్రశ్నార్థకాన్ని లెక్కలోకి తీసుకోరు.

ఫాసిజాన్ని ముందే చెప్పిన కవిత అంటారు. యేట్స్ కూడా అలాగే అన్నాడా?

అన్నాడు, పదిహేడేళ్ల తర్వాత. 1936లో నవలా రచయిత్రి ఎథెల్ మానిన్, నాజీల నిర్బంధంలో ఉన్న జర్మన్ పాత్రికేయుడు ఓసియెట్‌స్కీకి నోబెల్ ఇవ్వాలన్న ప్రయత్నానికి మద్దతు అడిగింది. యేట్స్ ఒప్పుకోలేదు. తాను ఉదాసీనుణ్ని కాననీ, జరుగుతున్నదాన్ని ఈ కవితలో ముందే చెప్పాననీ ఉత్తరం రాశాడు. అంటే కవితను ఒక పని నుంచి తప్పుకోవడానికి అడ్డం పెట్టాడు. పైగా 1933లో ఐర్లండులో ఫాసిస్టు పోకడలున్న ‘బ్లూషర్ట్స్’ దళం కోసం కవాతు పాటలు రాసిన మనిషి ఆయన. ఈ ఉత్తరాన్ని ఉదహరించేటప్పుడు ఆ రెండు సంగతులూ పక్కనే పెట్టండి. కవి తన కవిత గురించి తర్వాత చెప్పిన మాట సాక్ష్యమే గానీ తీర్పు కాదు.

పక్కనున్న కవితలు చదవాలా?

ఒక్కటైనా తప్పనిసరి. సంపుటిలో దీని వెంటనే ఉన్నది ‘ఎ ప్రేయర్ ఫర్ మై డాటర్’. బయట గాలివాన, లోపల ఊయలలో పాప. ఆచారంలో, మర్యాదక్రమంలో కాక అమాయకతా అందమూ ఇంకెలా పుడతాయని ఆ కవిత అడుగుతుంది. ఇప్పుడు వెనక్కి వచ్చి ‘అమాయకత తాలూకు క్రతువు మునిగిపోయింది’ అన్న పాదం చదవండి. విడిగా చదివితే అంతుపట్టని ఆ మాట అక్కడ విడిపోతుంది. సమయముంటే అదే పుస్తకంలో ముందున్న ‘ఈస్టర్, 1916’ కూడా. ఆ కవితలో పేర్లు పెట్టి పిలిచాడు, ఇందులో అన్నీ చెరిపేశాడు. మంచి వ్యాసాంశం.

ఐర్లండులోని ఆ రోజులతో తెలుగువాళ్లకు లింకు ఉందా?

కవితతో లేదు, కాలంతో ఉంది. బరంపురంలో తెలుగు కుటుంబంలో పుట్టిన వి.వి.గిరి 1913 నుంచి 1916 దాకా డబ్లిన్‌లో న్యాయశాస్త్రం చదివాడు. ఐరిష్ ఉద్యమకారులతో సంబంధాలున్నాయన్న అనుమానంతో ఈస్టర్ తిరుగుబాటు తర్వాత దేశం విడిచి వెళ్లాల్సి వచ్చింది. డబ్లిన్‌లో యేట్స్ నాటకోద్యమంతో కలిసి నడిచిన కవి జేమ్స్ కజిన్స్ తర్వాత మదనపల్లె దివ్యజ్ఞాన కళాశాలలో ఉన్నాడు. 1919 మొదట్లో టాగోర్ అక్కడ ఆయనకు అతిథిగా ఉన్నప్పుడే ‘జనగణమన’ను ఇంగ్లీషులోకి మార్చాడు. ఇవి పీఠికలో ఒక వాక్యానికి బాగుంటాయి. కవితకు ఆధారాలుగా వాడకండి.

వ్యాసాల్లో మార్కులు ఎక్కడ పోతున్నాయి?

ఎక్కువగా మొదటి పేజీలోనే. యేట్స్ జీవితచరిత్ర ఒకటిన్నర పేజీ, మొదటి ప్రపంచ యుద్ధం ఒక పేజీ, మిగిలిన అరపేజీలో కవిత. చరిత్ర ముందూ కవిత వెనకా పెట్టినంతకాలం ఇది తప్పదు. తిరగేయండి. పాదం ఒకటి తీసుకోండి, అందులో అంతుపట్టనిది ఏమిటో ఒక వాక్యంలో చెప్పండి, దానికి వెలుగిచ్చే ఒక్క తేదీ లేదా చిత్తుప్రతి వివరం తెండి, ఆ వివరం చెప్పలేనిది ఏం మిగిలిందో చూపించండి. నాలుగు పాదాలకు ఇలా చేస్తే ఆరు పేజీల వ్యాసం తయారు. ‘పోటు’ మీద ఫ్లూ, ‘కొట్టేసిన పేర్ల’ మీద రష్యా, ‘క్రతువు’ మీద పక్కకవిత, చివరి ప్రశ్నార్థకం మీద 1936 ఉత్తరం: ఇదొక పనికొచ్చే నాలుగు.

రెండో తప్పు, ప్రతి బొమ్మకూ ఒక అర్థం అని పట్టిక వేయడం: డేగ అంటే ఇది, పక్షులంటే అది. ఎడారి పక్షులకు కోపం వచ్చిందన్నాడు కవి. ఆ కోపానికి ఏ పట్టికలోనూ గడి ఉండదు.

తెలుగు అనువాదం చేసి ప్రచురించాలంటే అనుమతి కావాలా?

యేట్స్ 1939 జనవరి 28న చనిపోయాడు. భారత చట్టం ప్రకారం రచయిత మరణించిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు లెక్క, అంటే 1999 డిసెంబరు 31తో ఇక్కడ హక్కు తీరిపోయింది. ఐరోపాలో 70 ఏళ్లు, అదీ 2009తో అయిపోయింది. మూలకవితను స్వేచ్ఛగా అనువదించి అచ్చువేసుకోవచ్చు. ఇతరులు చేసిన అనువాదాలకు, పీఠికలకు, స్టాల్‌వర్తీ వంటి పరిశోధకుల వ్యాఖ్యానాలకు మాత్రం వాటి హక్కులు వాటికి వేరుగా ఉంటాయి.